గుల్లగా, తేలికగా: గుడ్డతో, నారతో, ఉన్నితో పొట్టేలు శిల్పం చేసే పద్ధతి

గుడ్డతో బొమ్మ అనగానే ఎవరికైనా ముందు తోచేది సంచి కుట్టి అందులో దూది కూరడం. పత్తి పండే మన నల్లగొండలో ఆ ఆలోచన మరీ సులువుగా వస్తుంది. జానెడు బొమ్మకు అది సరిపోతుంది. అంతకంటే పెద్దది చేయాలంటే ఆ దారి వదిలేయాలి. ఒకటిన్నర అడుగుల జంతువు పొట్టలోనే దాదాపు తొమ్మిది లీటర్ల ఖాళీ ఉంటుంది. అందులో దూది గట్టిగా కూరితే ముప్పావు కిలోకు పైనే పడుతుంది. ఒక్క వానాకాలం గడిచేసరికి తేమ పీల్చి పొట్ట కిందికి జారుతుంది, కాళ్లు వంగుతాయి, లోపల ముక్క వాసన మొదలవుతుంది.

శిల్పానికి బలం పైచర్మం నుంచి రావాలి. లోపల ఏమీ ఉండకూడదు. సన్నని ఎముకల కట్టు, దాని మీద జిగురులో ముంచి పొరలు పొరలుగా బిగించిన నూలు గుడ్డ ఉంటే చాలు, అవే ఆకారాన్ని నిలబెడతాయి. పోలండ్ శిల్పి మగ్దలేనా అబకనోవిచ్ 1970లలో మనుషుల వీపుల ఆకారాలను గోనెగుడ్డతో చేసింది ఈ సూత్రం మీదే. గుడ్డను అచ్చులో అదిమి, రెసిన్‌తో గట్టిపరిచింది. వెనక్కి వెళ్లి చూస్తే లోపలంతా ఖాళీ. మన దేశంలో మృణాళినీ ముఖర్జీ (1949–2015) నార తాళ్లను ముడులు వేసుకుంటూ పోయి మనిషెత్తు శిల్పాలు నిలబెట్టింది. ఇంత పెద్ద పని గుడ్డకు, నారకు చేతనవుతుందని వీళ్ల పని చూస్తే నమ్మకం కుదురుతుంది.

ఇక్కడ మనం చేయబోయేది పొట్టేలు. వీపు దాకా 42 సెంటీమీటర్ల ఎత్తు, ఒంటి పొడవు కూడా అంతే. పూర్తయ్యాక 600 నుంచి 700 గ్రాముల బరువు తూగుతుంది. పొట్టేలునే ఎంచుకోవడానికి కారణం ఉంది. నారాయణపేట నుంచి దేవరకొండ దాకా మనకు కళ్లముందు నడిచే జంతువు అది, కొలతలకు ఎక్కడికీ పోనక్కర్లేదు. పైగా దాని ఒంటి మీది ఉన్నే మన శిల్పానికి పై కప్పు అవుతుంది.

సామాను

ముందు నూలు గుడ్డ. బాగా ఉతికి మెత్తబడిన పాత నూలు చీర లేదా లుంగీ అన్నిటికంటే మంచిది. సగం చీర సరిపోతుంది. కొత్త మగ్గం బట్టలో గంజి ఉంటుంది కాబట్టి వేడినీళ్లలో ఒకసారి ఉతక్కుండా వాడకండి, మన జిగురు దానిలోకి దిగదు. టైలర్ షాపుల్లో పేలికలు సంచుల కొద్దీ ఉంటాయి. "అన్నా, నూలు ముక్కలు మాత్రం పక్కకు పెట్టు" అని రెండు రోజుల ముందు చెప్పి ఉంచితే ఎవరూ కాదనరు.

అయితే ఈ రోజుల్లో నూలు అని అమ్మేదంతా నూలు కాదు. ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూడండి. నూలైతే కాగితం వాసనతో కాలి మెత్తని బూడిద రాలుతుంది. పాలిస్టర్ అయితే కరిగి చివర నల్లని గట్టి పూస కడుతుంది. పూస కట్టిన గుడ్డ ఈ పనికి వద్దు. అది జిగురు పీల్చదు, ఆరాక పొర పొరగా ఊడి వస్తుంది. గద్వాల చీర దొరికిందని సంబరపడే ముందు అంచు కత్తిరించి పక్కన పెట్టండి. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచు, కొంగు పట్టు. పట్టూ నూలూ ఒకేలా జిగురు పీల్చవు, ఒకేలా ముడుచుకోవు, కలిపి వేస్తే ఆరేటప్పుడు ఒకదాన్ని మరొకటి లాగుతుంది. పోచంపల్లి చిటికి (ఇక్కత్) బట్ట ముక్కలుంటే లోపలి పొరల్లో దాచేయకండి. పైన కనబడేచోట వాడితే అందం. పుట్టపాక తేలియా రుమాలు నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో నానబెట్టి తయారుచేస్తారు. ఆ ముక్క చేతికొస్తే కుంకుడు రసంలో ఉతికాకే జిగురు తగలనివ్వండి. నన్నడిగితే ఆ రుమాలును ఇలాంటి పనికి కత్తిరించనే వద్దంటాను.

ఎముకలకు వెదురు బద్దలు, 12 గేజ్ జీఐ తీగ కావాలి. తీగ మూడున్నర మీటర్లు హార్డ్‌వేర్ షాపులో తూకానికి ఇస్తారు. వెదురు బద్దలు మేదరివాళ్ల దగ్గర తీసుకోండి. బుట్ట అల్లడానికి చీల్చిన బద్ద 2 మిల్లీమీటర్ల మందం, 8 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే మన పనికి సరిగ్గా సరిపోతుంది. ఐదారు మీటర్లు అడగండి. ఇవి కాక పురికొస ఒక ఉండ, కొంచెం బైండింగ్ వైరు, కటింగ్ ప్లేయర్, దబ్బనం, గట్టి నూలు దారం, పాత న్యూస్‌పేపర్లు, మాస్కింగ్ టేపు, ఒక చిన్న ఫెవికాల్ డబ్బా.

ఉన్ని సంగతి వేరు. మన దక్కనీ గొర్రె ఉన్ని ముతకగా, నల్లగా ఉంటుంది. గొంగడికి గిరాకీ తగ్గాక చాలా ఊళ్లలో కత్తిరించిన ఉన్నిని పారేస్తున్నారు. మంద తోలే కురుమ పెద్దమనిషిని "పెద్దయ్యా, ఉన్ని ఎప్పుడు కత్తిరిస్తరు?" అని అడిగితే, "వానలు వెనుకబట్టినంక కత్తిరిస్తం బిడ్డా, సంచి తెచ్చుకొని తీస్కపో" అనే జవాబే ఎక్కువసార్లు వస్తుంది. ఊరికే ఇచ్చినా ఊరికే తెచ్చుకోకండి. ఆ ఉన్నికి ఒక ధర ఉందని వాళ్లకు తెలియాలి, మనకూ గుర్తుండాలి. చిరిగిన పాత గొంగడి దొరికితే ఇంకా మంచిది, సగం పని తప్పుతుంది.

చింతగింజల జిగురు

ఈ పనికి గుండెకాయ జిగురే. మైదాతో ఉడికించిన జిగురు అంటుకుంటుంది కానీ పురుగును పిలుస్తుంది, ఆరాక పెళుసుగా విరుగుతుంది. ఫెవికాల్ ఒక్కదానితోనే మూడు పొరలూ వేస్తే ఖర్చు ఎక్కువ, గుడ్డ ప్లాస్టిక్ మెరుపు తేలుతుంది. చింతగింజల జిగురు గుడ్డ పోగుల్లోకి దిగి బిగుస్తుంది. చేర్యాల మాస్కులకు రంపపు పొట్టుతో కలిపేది ఇదే. గొంగడి నేసేవాళ్లు పడుగుకు పట్టించేదీ ఇదే. ఉన్నికీ నూలుకూ రెండింటికీ పొసగుతుందని తరాల నుంచి తేలిన సరుకు.

గింజలు 175 గ్రాములు తీసుకుని మందపాటి మూకుడులో సన్నసెగ మీద వేయించండి. పొట్టు చిట్లి, గోరుతో గీరితే ఊడాలి. నల్లగా మాడితే జిగురు పట్టు తగ్గుతుంది, రంగు కూడా ముదురుతుంది. చల్లారాక రోట్లో మెల్లగా దంచి చెరిగితే పొట్టు పోయి తెల్లని పప్పు మిగులుతుంది. దాన్ని ఒక రాత్రంతా నానబెట్టండి. పొద్దున చేత్తో నొక్కితే విరిగే స్థితికి వస్తుంది, అప్పుడు మిక్సీలో నీళ్లు పోసుకుంటూ మెత్తగా రుబ్బండి. ఎండు పప్పును ఇంటి మిక్సీలో వేయొద్దు, బ్లేడు పోతుంది. పొడి కావాలంటే గిర్నీకి ఇవ్వాలి.

రుబ్బినదాన్ని మొత్తం లీటరుంపావు నీళ్లలో కలిపి, చల్లగా ఉన్నప్పుడే ఉండలన్నీ విడదీసి, అప్పుడు పొయ్యి మీద పెట్టండి. స్టీలు గిన్నె గానీ మట్టి కుండ గానీ వాడండి. అల్యూమినియం గిన్నె వద్దు, కారణం కింద చెబుతాను. మంట తగ్గించి అరగంట సేపు చేయి ఆపకుండా కలపాలి. మొదట పాలరంగులో పలచగా ఉంటుంది. పదిహేను నిమిషాలకు అడుగు పట్టబోతుంది, అక్కడ వదిలేస్తే చెడుతుంది. అరగంటకు రంగు కొంచెం గోధుమగా మారి, వాసనలో పచ్చిదనం పోతుంది. గరిటె ఎత్తితే తెగకుండా దారంలా కారాలి. ముద్దగా పడితే నీళ్లు చాలలేదని అర్థం, వేడినీళ్లు కొంచెం కలపండి. చుక్కలు చుక్కలుగా పడితే ఇంకా ఉడకాలి. దించాక పాత పంచెలో వేసి పిండి వడకట్టండి. గరుకు పలుకు మిగిలితే ఆరిన గుడ్డ మీద పొక్కుల్లా తేలుతుంది.

వడకట్టిన వేడి జిగురులో పావు చెంచా మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) పొడి వేసి కరిగించండి. బూజు రాకుండా కాచేది అదే. అల్యూమినియంతో మైలుతుత్తం కలిస్తే గిన్నె తింటుంది, జిగురు పాడవుతుంది. అందుకే వద్దన్నాను. మైలుతుత్తం విషం. ఆ గిన్నె, గరిటె మళ్లీ వంటకు వాడకూడదు. చేతులకు గ్లోవ్స్ వేసుకోవాలి. పిల్లలతో ఈ పని చేయిస్తుంటే మైలుతుత్తం మానేసి, ఏ రోజు జిగురు ఆ రోజే వండుకోండి, పొరలను పూర్తిగా ఎండలో ఆరనివ్వండి. మైలుతుత్తం కలిపిన జిగురు కూడా రెండు మూడు రోజులకు మించి ఉంచొద్దు. పుల్లవాసన వస్తే పారేయడమే.

గీత, ఎముకలు

క్యాలెండర్ల వెనుక తెల్ల కాగితాలు అతికించి, పొట్టేలును పక్క నుంచి అసలు సైజులో గీయండి. ముందు నుంచి ఒకటి, పై నుంచి ఒకటి కూడా గీసుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు. వీపు ఎత్తు 42, పొట్ట లోతు 20, పొట్ట వెడల్పు 14, తల పొడవు 15 సెంటీమీటర్లు. దక్కనీ పొట్టేలు ముఖం తిన్నగా ఉండదు. నుదుటి నుంచి ముక్కు మీదుగా ఉబ్బి మూతి దగ్గర కిందికి దిగుతుంది. చెవులు వేలాడతాయి. మెడ సన్నం, ఛాతీ ఇరుకు, పక్కటెముకల దగ్గర ఒళ్లు చదునుగా ఉంటుంది. ఈ ఐదూ పట్టుకోకపోతే అది ఏ దేశపు గొర్రెనో అవుతుంది. ఫోన్‌లో ఫొటోలు తీసుకునేటప్పుడు దాని కళ్ల ఎత్తుకు కూర్చుని తీయండి. నిలబడి తీస్తే కాళ్లు పొట్టిగా కనబడి గీత తప్పుతుంది.

తీగను రెండు 115 సెంటీమీటర్ల ముక్కలు, ఒక 90 సెంటీమీటర్ల ముక్కగా కత్తిరించండి. మొదటి రెండూ కాళ్లు. ఒక్కో ముక్కను నడిమిలో 10 సెంటీమీటర్ల వెడల్పు ఉంచి రెండు పక్కలా కిందికి వంచితే ముందుకాళ్ల జత ఒకటి, వెనుకకాళ్ల జత ఒకటి అవుతుంది. చివర్లను చిన్న రింగుల్లా చుట్టండి, గిట్టలు వాటి మీదే కూర్చుంటాయి. ముందుకాళ్లు దాదాపు నిటారు. వెనుక కాలికి మాత్రం మోకాలు ముందుకు, మడమ వెనక్కి వచ్చే వంపు పెట్టాలి. ఆ వంపు లేకపోతే బొమ్మ స్టూలు మాదిరి నిలబడుతుంది. మూడో ముక్క వెన్నెముక. తోక దగ్గర మొదలై వీపు మీదుగా మెడ ఎక్కి తల దగ్గర కోడిగుడ్డు ఆకారంలో చుట్టు తిరగాలి. మూడింటినీ కలిసేచోట బైండింగ్ వైరుతో అడ్డంగా ఒకసారి, ఐమూలగా ఒకసారి కట్టి మెలిపెట్టండి. ఒక్క దిక్కునే కడితే కదులుతూనే ఉంటుంది.

వెదురు బద్దలను ముందురోజు రాత్రే నీళ్లలో వేయాలి. నానిన బద్దలతో ఐదు కోడిగుడ్డు రింగులు చేసి, ఛాతీ నుంచి తొడల దాకా వెన్నెముక కింద వరుసగా కట్టండి. మధ్య మూడూ పెద్దవి, చివరివి చిన్నవి. వాటిని కలుపుతూ పొడుగ్గా నాలుగు బద్దలు. వెదురుకు తీగ కట్టొద్దు, జారుతుంది. తడిపిన పురికొసతో కట్టి బిగిస్తే ఆరాక ముడి ఇంకా గట్టిపడుతుంది. తలకు మాత్రం న్యూస్‌పేపరు రెండు షీట్లు నలిపి తీగ చుట్టులో పెట్టి, ముక్కు ఉబ్బు వచ్చేలా మాస్కింగ్ టేపుతో దిద్దండి.

ఇప్పుడు నేల మీద నిలబెట్టి నడుము మీద వేలితో మెల్లగా తోయండి. ఊగినా తిరిగి నిలబడాలి. తల ముందుకు లాగుతుంటే ముందు గిట్టలను రెండు సెంటీమీటర్లు ముందుకు జరపండి. పక్కకు పడుతుంటే కాళ్లు ఎడం చేయండి. గుడ్డ పొరలతో గుల్ల వేశాక ఈ సవరణ చేయలేం. చివరిగా రింగుల మధ్య పురికొసను మూడు నాలుగు సెంటీమీటర్ల దూరంలో అటూ ఇటూ చుట్టి వలలా చేయండి. తడి గుడ్డ సందుల్లోకి దిగిపోకుండా అది ఆపుతుంది. వంటింటి త్రాసులో పెట్టి చూస్తే ఇదంతా పావు కిలోలోపే ఉండాలి. ఎక్కువైతే తీగ లావుదై ఉంటుంది.

గుల్ల వేయడం

గుడ్డను కత్తిరించకండి, చింపండి. చింపిన అంచున పోగులు వదులుగా ఉంటాయి. అవి పక్క ముక్క పోగులతో జిగురులో కలిసిపోయి, ఆరాక అతుకు ఎక్కడుందో వేలికి తగలదు. కత్తెర అంచు మాత్రం మెట్టులా నిలుస్తుంది. చదునైన పక్కలకు 5 సెంటీమీటర్ల వెడల్పు, జానెడు పొడవు పేలికలు చాలు. కానీ గుండ్రం తిరిగేచోట, అంటే తొడలు, ఛాతీ, మెడ మొదలు, నుదురు, అక్కడ తిన్నటి పేలిక ముడతలు పడుతుంది. పడుగూ పేకా రెండూ సాగవు. ఐమూలగా లాగితేనే గుడ్డ సాగుతుంది. జాకెట్టుకు టైలర్లు క్రాస్ కటింగ్ చేసేది అందుకే. ఆ వంపుల కోసం కొన్ని పేలికలను మాత్రం కత్తెరతోనే క్రాస్‌గా కోసుకోండి. మెడ మొదట్లో ఒక తిన్నటి పేలిక, పక్కనే ఒక క్రాస్ పేలిక వేసి చూడండి. మొదటిది రెండు మడతలు పడి లేచి నిలుస్తుంది. రెండోది రెండు చేతుల బొటనవేళ్లతో చివరలు లాగుతుంటే వంపు చుట్టూ సాగి, నడుమ కొంచెం సన్నబడి, మడత లేకుండా కూర్చుంటుంది. ఈ ఒక్క తేడా చేతికి తెలిస్తే మిగతా పనంతా దానంతట అదే వస్తుంది.

పేలికను గోరువెచ్చని జిగురులో ముంచి, రెండు వేళ్ల మధ్య నుంచి లాగి అదనపు జిగురు పిండేయండి. కారుతున్న పేలిక వేస్తే బరువు పెరగడమే కాదు, ఆరడానికి రెండింతలు సమయం పడుతుంది. మొదటి పొర వీపు నుంచి పొట్ట వైపు, ఒక్కో పేలిక ముందుదాని మీద సగం ఎక్కేలా వేయండి. పొట్ట కింద అరచేయంత కంత వదలాలి. లోపలి తడి పోయే దారి అదే, దాన్ని అన్నిటికంటే చివర్న మూస్తాం. కాళ్లకు సన్నటి పేలికలు గిట్ట నుంచి పైకి చుట్టుకుంటూ వెళ్లండి. తొడ దగ్గర ఎక్కువ చుట్లు, మడమ దగ్గర తక్కువ. కాలు తీరు అక్కడే తెలుస్తుంది.

మొదటి పొర పూర్తిగా ఆరాకే రెండోది. రెండో పొర మెడ నుంచి తోక వైపు, అడ్డంగా. మూడోది ఐమూలగా. మూడు దిక్కుల్లో మూడు పొరలు పడితే ఏ వైపు నొక్కినా గుడ్డ సాగే దిక్కు మిగలదు. నాలుగో పొర అవసరం లేదు, అది బరువే తప్ప బలం కాదు.

ఆరబెట్టే తీరులో మన వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండలో తడి గుల్లను పెడితే ఎండ తగిలిన పక్క గంటలో బిర్రబిగిసి, ఇంకో పక్క తడిగానే ఉండి, మొత్తం బొమ్మ ఒక దిక్కుకు గుంజుకుపోతుంది. ముందు నీడలో గాలి ఆడేచోట పెట్టి, చేతికి తడి అంటడం ఆగాక ఎండలో పెట్టండి. అది కూడా గంటకొకసారి తిప్పుతూ. వానాకాలంలో ఈ పని మొదలుపెట్టకపోవడమే మేలు. డిసెంబరు నుంచి మార్చి దాకా అన్నిటికంటే అనువైన కాలం.

ఆరాక ఒళ్లంతా గోటితో కొట్టి వినండి. పొరలు కలిసినచోట శబ్దం గట్టిగా, స్పష్టంగా వస్తుంది. పొర లేచినచోట కాగితం కదిలినట్టు బరబరమంటుంది. అక్కడ బ్లేడుతో చిన్న గాటు పెట్టి, వాడిపడేసే సిరంజితో జిగురు లోపలికి పంపి, గుడ్డ అడ్డం పెట్టి అదిమి ఉంచండి. అంతా సరిగా ఉంటే లోపలికి టార్చి వేసి తడి మచ్చలు లేవని చూసుకుని, కంత మూసేయండి. చింతగింజల జిగురు నీళ్లు తగిలితే మళ్లీ మెత్తబడుతుంది. అందుకని ఫెవికాల్, నీళ్లు సమంగా కలిపి పైన ఒక్క పూత వేయండి.

కొమ్ములు, చెవులు, ముఖం

కొమ్ముకు సన్నని తీగను సుడి తిప్పి, మొదట్లో లావుగా, కొసకు సన్నగా వచ్చేలా జిగురు పట్టించిన పురికొస దగ్గర దగ్గరగా చుట్టండి. పొట్టేలు కొమ్ము మీద ఉండే అడ్డ గీతలు పురికొస చుట్లతో వాటంతటవే వస్తాయి, దాని మీద గుడ్డ కప్పకండి. రెండు కొమ్ములూ ఎదురెదురు దిక్కులకు తిరగాలి. ఇది చేసేటప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చుట్టడమే సులువు. తల గుల్లకు దబ్బనంతో కంతలు చేసి, తీగ కొసను లోపలికి దూర్చి, క్రాస్ పేలికలతో మొదలు బిగించండి.

చెవులు రెండు పొరల గుడ్డ. తడిగా ఉన్నప్పుడే గరిటె వెనుక ఆనించి ఆరబెడితే దొన్నె తిరుగుతాయి. కళ్లకు గాజు పూసలు, ప్లాస్టిక్ కళ్లు వద్దు. రెప్ప గీత ఒకటి నల్ల దారంతో కుట్టండి, కంటి గుంట లోతు నీడ మిగతాది చూసుకుంటుంది. ముఖం, కాళ్లు నల్లగా కావాలంటే చివరి పూతలోనే కొంచెం నల్ల రంగు కలపండి. పోచంపల్లి ముక్క మీ దగ్గరుంటే మెడ పట్టీకి వాడొచ్చు.

ఉన్ని కప్పు

తెచ్చిన ఉన్నిలో ముళ్లు, పల్లేరు కాయలు, పెంట ఉంటాయి. మూతికి గుడ్డ కట్టుకుని ముందు పొడిగా దులపండి. కుంకుడు రసం కలిపిన గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పిసక్కుండా ఎత్తి, నీళ్లు మార్చండి. పిసికితే చిక్కుపడి ముద్ద కడుతుంది. ఎండాక వేళ్లతో ఏకి పోగులు విడదీయాలి. ఓపిక కావలసిన పని, ఇద్దరు ముగ్గురు కూర్చుంటే సాగుతుంది.

చాప మీద పాత పాలిథీన్ కవరు పరిచి, ఏకిన ఉన్నిని పలచగా ఒక వరుస నిలువుగా, దాని మీద ఒకటి అడ్డంగా, మళ్లీ నిలువుగా పరవండి. సబ్బు కలిపిన వేడినీళ్లు చల్లి, పైన ఇంకో కవరు కప్పి, అరచేతులతో గుండ్రంగా రుద్దండి. తర్వాత కర్రకు చాపతో సహా చుట్టి ముందుకూ వెనక్కూ దొర్లించండి. ఉన్ని పోగు మీద కంటికి కనబడని పొలుసులుంటాయి. వేడి, సబ్బు, రాపిడి తగిలితే అవి ఒకదానికొకటి తగులుకుని వదలవు. మన ఉన్ని ముతకది కాబట్టి విదేశీ మెరినో గొర్రె ఉన్ని కంటే చాలా ఎక్కువ సేపు పడుతుంది. మధ్యలో నీళ్లు చల్లారితే మళ్లీ వేడినీళ్లు పోయండి. వేళ్లతో గిల్లి లేపితే పోగులు విడిగా రాకుండా షీటు మొత్తం లేవాలి, అప్పటిదాకా దొర్లించాల్సిందే. సబ్బు పోయేలా జాడించి పూర్తిగా ఎండబెట్టండి. తడి షీటు గుల్ల మీద వేస్తే ఇంతదాకా చేసిందంతా మెత్తబడుతుంది.

పాత గొంగడి ఉంటే ఈ దొర్లించే పని లేదు. కాకపోతే కోసిన అంచు పోగులు ఊడతాయి, చుట్టూ దారంతో అంచు కుట్టు వేసుకోవాలి.

షీటును వీపు మీద పరిచి రెండు పక్కలా వేలాడనివ్వండి. మడతలు వచ్చేచోట సుద్దతో గుర్తు పెట్టి, ఆ కోణం కోసి కలిపి కుట్టండి. వెన్ను పొడవునా ఫెవికాల్ గీత ఒకటి, పొట్ట అంచున దబ్బనంతో కుట్లు. మధ్యలో అంటించొద్దు. ఉన్ని కొంచెం వదులుగా ఉంటేనే మెడ కింద, తొడల దగ్గర గొర్రెకుండే సహజమైన బరువు కనబడుతుంది. కాళ్లు, ముఖం మీద ఉన్ని పెట్టొద్దు, దక్కనీ గొర్రెకు అక్కడ ఉండదు.

తర్వాత చూసుకోవలసినవి

ఉన్నికి చిమ్మట పడుతుంది. నెలకొకసారి ఎండలో పెట్టి దులపండి. పెట్టెలో దాస్తే రెండు కలరా ఉండలు గుడ్డలో కట్టి పక్కన పెట్టండి, ఉన్ని మీద నేరుగా వద్దు. గోడకు ఆనించి పెట్టకండి, వానాకాలంలో గోడ చెమ్మ గుడ్డలోకి ఎక్కుతుంది. దీపం దగ్గర, అగరుబత్తి దగ్గర అసలే వద్దు.

ఎక్కడికైనా తీసుకెళ్లాలంటే పొట్ట కింద చేయి వేసి ఎత్తండి, కొమ్ములు పట్టుకుని కాదు. గుల్ల ఎక్కడైనా లొత్త పడితే అక్కడి ఉన్ని కుట్టు విప్పి, తడిగుడ్డను ఆ లొత్త మీద పావుగంట ఉంచండి. ఫెవికాల్ పూత అడ్డుపడుతుంటే గరుకు కాగితంతో కొంచెం గీకాలి. మెత్తబడ్డాక పొట్ట కింద కంత కోసి, చెంచా వెనుక వైపుతో లోపలి నుంచి బయటికి నెట్టి, రెండు క్రాస్ పేలికలు జిగురుతో వేసి ఆరనిచ్చి, మళ్లీ ఉన్ని కుట్టేయండి.